లోపం సన్నబియ్యమైన చోట

జగిత్యాల సన్నాల బియ్యపు గింజ ఒకటి తీసి, రెండు వేళ్ల నడుమ పట్టుకుని ఎండకు ఎదురుగా చూడాలి. వెలుతురు గింజలోకి దిగి, అడ్డం లేకుండా అవతలికి వస్తుంది. లోపలి పిండి రేణువులు ఒకదానికొకటి ఒరుసుకుని, సందు లేకుండా కూర్చున్నప్పుడే ఆ నిర్మలత్వం. రేణువుల మధ్య గాలి చేరితే వెలుతురు చెదిరిపోతుంది, గింజ నడుమ సున్నపు తెలుపు మచ్చ తేలుతుంది. బియ్యం చూసి ధర కట్టేవాళ్ల కన్ను మొదట వెతికేది ఆ పొట్ట తెలుపునే. మచ్చలేని సన్నగింజ దొరికినప్పుడు వాళ్లు వెంటనే ధర చెప్పరు. అరచేతిలో ఇంకోసారి దొర్లించి చూస్తారు. ఆ దొర్లింపులో ఉన్నది రసాస్వాదనే అని నా నమ్మకం.

ఈ అందానికి కర్త ఎవరు? రైతు, నేల, కాలువ నీళ్లు, శాస్త్రవేత్త, అందరూ. కానీ గింజ లోపల, కణం లోపల, అసలు పని చేసేవి ప్రొటీన్లు. జన్యువులో ఉన్న వాక్యాన్ని చదివి కణం వాటిని తయారుచేసుకుంటుంది. సంకరం చేసినప్పుడు రెండు వంశాల వాక్యాలు ఒకే విత్తనంలోకి వస్తాయి. ఆ వాక్యాల్లో ఏ కాలంలోనో అక్షరాలు మారి ఉంటాయి, కొన్ని రాలిపోయి ఉంటాయి. అట్లాంటి మార్పుల వల్ల సంకరజీవిలో కొత్త పని నేర్చిన ప్రొటీన్లు పుడతాయా? జీవశాస్త్రంలో ఇది పాత ప్రశ్న, ఇంకా తడి ఆరని ప్రశ్న. జవాబు కోసం జగిత్యాల నుంచి కోరుట్లకు, కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా సిరిసిల్లకు పోయే దారి పట్టుకుంటే చాలు. దారిలో వరి, పాలు, పత్తి. మూడింటిలోనూ సంకరం ఉంది.

జగిత్యాల పక్కనే పొలాస. పౌలస్త్యేశ్వరుడి గుడి ఉన్న ఊరు. అక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో సాంబ మసూరిని, కావ్యను కలిపి తీసిన రకం జేజీఎల్ 1798. జగిత్యాల సన్నాలంటే అదే. అదే జంటకు పుట్టిన ఇంకో బిడ్డ జేజీఎల్ 384, పొలాస ప్రభ. సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, 1986లో బాపట్ల నుంచి వచ్చింది. కావ్య, అంటే డబ్ల్యూజీఎల్ 48684, వరంగల్ బిడ్డ.

సాంబ మసూరి వంశావళిని ప్రబంధం మొదట్లో కృతిపతి వంశవర్ణన చదివినంత శ్రద్ధగా చదవాలి. ముందు జీఈబీ 24. కోనమణి అనే పాత రకంలో తనంతట తానే వచ్చిన ఉత్పరివర్తనం అది. 1921లో కోయంబత్తూరులో ఎవరి కంటిలోనో పడి నిలిచింది. తర్వాత తైచుంగ్ నేటివ్ 1, తైవాన్ పొట్టి వరి. ఆపైన మసూరి. మసూరి తానే ఒక సంకరం. తైచుంగ్ 65 అనే జపానికా వరినీ, మయాంగ్ ఎబోస్ 80 అనే ఇండికా వరినీ కలిపితే వచ్చింది, 1965లో మలేషియాలో విడుదలైంది. కోయంబత్తూరు, తైవాన్, మలేషియా, బాపట్ల, వరంగల్, ఇన్ని చోట్ల ఇన్ని కాలాల్లో మారిన అక్షరాలు పొలాస మడిలో ఒక గొలుసు మీదికి చేరాయి. ఒక గింజకు ఇంత చరిత్ర ఉందని తెలిశాక ముద్ద నోట్లో పెట్టుకునే తీరే మారుతుంది.

ఈ వంశానికి పొట్టితనం ఎట్లా వచ్చిందో చూడండి. పాత వరి ఏపుగా పెరిగి, గొలుసు బరువుకు, గాలివానకు ఒరిగిపోయేది. తైచుంగ్ నేటివ్ 1 ఒరగలేదు. దాని ఎస్‌డీ1 జన్యువులో 383 అక్షరాలు రాలిపోయాయి. జిబ్బరెల్లిన్ అనే ఎదుగుదల హార్మోన్‌ను తయారుచేసే మెట్లలో ఒక మెట్టు ఆ జన్యువు రాసే ఎంజైముది. ఆ ఎంజైము పని మానింది. హార్మోన్ తగ్గింది, కాండం పొట్టిగా గట్టిగా మిగిలింది. వేసిన ఎరువు గడ్డికి పోకుండా గింజకు పోయింది. హరిత విప్లవపు వరిని నిలబెట్టింది పని మానేసిన ఒక ప్రొటీన్!

బియ్యం తెలుపుదీ అదే కథ. అడవి వరి గింజ పైపొర ఎర్రన. ఆర్‌సీ అనే జన్యువులో 14 అక్షరాలు పోవడంతో ఎరుపు అద్దే పని ఆగింది, మనుషులు తినే బియ్యంలో చాలా భాగం తెల్లబడింది. బాస్మతి పరిమళం ఇంకా ఆశ్చర్యం. బీఏడీహెచ్2 అనే ఎంజైము బాగా పనిచేసే వరికి ఆ వాసన లేదు. ఆ జన్యువులో ఎనిమిది అక్షరాలు జారిపోయి ఎంజైము కుంటుపడిన వరిలో, అది వాడుకోవాల్సిన పదార్థం మిగిలిపోతుంది, మారుతూ మారుతూ 2-ఎసిటైల్-1-పైరోలిన్ అవుతుంది. ఎసరు మరుగుతుంటే నాలుగిళ్ల అవతలి వాళ్లకు కూడా ఆకలి పుట్టించేది అదే. ఇంత పెద్ద రుచికి మూలం ఒక ఖాళీ.

గింజ పొడవు మాట. జీఎస్3 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది, సి ఉండాల్సిన చోట ఎ వచ్చింది. సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని పిలిచే మాట కాస్తా 'ఇక్కడ ఆపు' అనే మాటగా మారింది. ప్రొటీన్ మధ్యలోనే తెగింది. గింజ పొడవును అదుపు చేయడం దాని పని. అదుపు పోగానే గింజ సాగింది. అయితే ప్రతి అందమూ లోపం నుంచే వస్తుందని తేల్చేస్తే పొరపాటు. వెడల్పు దగ్గర కథ తిరగబడుతుంది. జీడబ్ల్యూ5 అనే చోట 1,212 అక్షరాలు పోయిన వరికి దొడ్డు గింజ, ఏమీ పోగొట్టుకోని వరికి సన్న గింజ. పొడవు రావాలంటే ఒక ప్రొటీన్ ఆగిపోవాలి, సన్నదనం నిలవాలంటే ఇంకో ప్రొటీన్ పని చేస్తూనే ఉండాలి. పొడుగ్గా సన్నగా ఉన్న చాలా గింజల్లో ఒక మౌనమూ ఒక మాటా పక్కపక్కనే ఉంటాయి. ఆలంకారికుడు ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు. పలికినదాని చాటున పలకనిది మోగాలన్నాడు. వరి గింజను చూసినప్పుడల్లా ఆ సిద్ధాంతానికి ఇంతకంటే రుచిగల ఉదాహరణ ఉంటుందా అనిపిస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినవి పోగొట్టుకున్న కథలు. కొత్తగా నేర్చుకున్న కథ కావాలంటే కావ్య దగ్గరికి రావాలి. దానికి ముందు ఉల్లికోడు సంగతి చెప్పుకోవాలి.

పాత కరీంనగర్ జిల్లా వరికి ఉల్లికోడు పాత పగ. దోమంత ఈగ అది. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల పురుగు ఆకుతొడుగుల సందున మెల్లగా జారుతూ మొవ్వులోకి చేరి, ఎదిగే మొన దగ్గర తిష్ఠ వేస్తుంది. మొక్కను అది కొరికి నమిలి చంపదు. తన లాలాజలంతో మొక్క చేతనే ఇల్లు కట్టించుకుంటుంది. ఆకు రావాల్సిన చోట ఉల్లికాడ తీరున బోలు గొట్టం ఒకటి లేత వెండి రంగులో లేస్తుంది. నాటిన మడి పచ్చగా తిరుగుతున్న రోజుల్లో ఆ గొట్టాలు అక్కడొకటి ఇక్కడొకటి నిగనిగలాడుతుంటే చూడటానికి బాగానే ఉంటాయి. రైతుకు మాత్రం గుండె జారుతుంది. గొట్టం లేచిన పిలకకు ఇక గొలుసు రాదు.

మన దేశంలో ఈ ఈగలోనే ఏడు జీవరకాలను గుర్తించారు. జగిత్యాలలో తిరిగేది మూడోది, రాంచీలోనూ అదే. వరంగల్‌ది 4ఎం. ఫల్గుణ అనే వరిలో ఉన్న జీఎం2 జన్యువు హైదరాబాద్ ఈగను ఆపుతుంది గాని జగిత్యాల ఈగను ఆపలేదు. కావ్యలో ఉన్న జీఎం1 జగిత్యాల ఈగను ఆపుతుంది, వరంగల్ 4ఎం ముందు నిలవదు. పుట్టింట చెల్లని గుణం మెట్టినింట ఇల్లు నిలబెట్టింది. పొలాసలో సాంబ మసూరికి కావ్యను జోడించిన చేతుల తెలివి ఇక్కడ ఉంది. ఒక జన్యువు మంచిదా చెడ్డదా అని విడిగా అడిగితే జవాబు రాదు. ఏ మడిలో, ఏ ఈగ ముందు అని అడగాలి. క్షేమేంద్రుడు ఔచిత్యం అన్నది దీన్నే కదా! అదే పదం చోటు కుదిరితే గుణం, చోటు తప్పితే దోషం.

ఈ జన్యువుల చోట్లు వెతకడంలో హైదరాబాద్ రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థలో జె.ఎస్. బెంతూర్, ఢిల్లీలో సురేశ్ నాయర్ వంటివాళ్లు ఏళ్ల తరబడి పనిచేశారు. జీఎం2 చోటును 1994లోనే గుర్తులతో పట్టుకున్నారు. తట్టుకునే వరుల్లో రెండు తీరులు కనిపించాయి. కొన్ని వరులు పురుగు తాకిన చోట తమ కణాలను తామే మాడ్చుకుంటాయి, అక్కడ గోధుమరంగు మచ్చ పడుతుంది, ఆ మంటలో పురుగు చస్తుంది. కావ్య అట్లా మాడ్చుకోదు. పైకి మచ్చ కూడా పడదు, లోపల పురుగు మాత్రం ఎదగలేక చస్తుంది. రెండూ రక్షణే. నాకు కావ్య తీరు మీదనే మక్కువ. వీరరసానికి కేకలు అక్కరలేదని ఆ మొక్క చూపిస్తుంది.

జీఎం4 ఉన్న చోట దొరికిన జన్యువు ఎన్‌బీఎస్-ఎల్‌ఆర్‌ఆర్ అనే పెద్ద కుటుంబానిది. ఈ కుటుంబపు ప్రొటీన్లు కణంలో కాపలా కాస్తాయి. వీటికి ఒక కొసన ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మళ్లీ మళ్లీ వచ్చే పొడవాటి వంపు ఉంటుంది. శత్రువు ఆనవాలు తగిలేది అక్కడే. వరిలో ఇట్లాంటి జన్యువులు వందల్లో ఉన్నాయి, చాలావరకు గుంపులుగా పక్కపక్కనే ఉంటాయి. పక్కపక్కన ఉన్నవి తరాల మార్పిడిలో ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటాయి. సంకరంలో రెండు వంశాల గుంపులు ఎదురుపడితే ఆ ఇచ్చిపుచ్చుకోవడానికి ఇంకా ఎక్కువ సరుకు దొరుకుతుంది. వంపులో ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మారితే నిన్నటిదాకా కనబడని శత్రువు ఇవాళ కనబడవచ్చు. పని మానడం వల్ల వచ్చే గుణం కాదిది, నిజంగా కొత్తగా నేర్చిన పని.

సాంబ మసూరికే ఇంకో అందమైన మార్పు ఉంది. బాక్టీరియా ఎండాకు తెగులు ముందు ఆ వరి నిలవలేకపోయేది. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి దానికి మూడు జన్యువులు చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని ఇచ్చాయి. అందులో ఎక్స్ఏ21 ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చిన కాపలా ప్రొటీన్. ఎక్స్ఏ13 ఒక చక్కెర రవాణా జన్యువు ముందున్న మీట మారిన రూపం. నన్ను కట్టిపడేసేది ఎక్స్ఏ5. జన్యువులను చదివించే యంత్రంలో ఒక చిన్న భాగం ఆ ప్రొటీన్, ఆ యంత్రం లేకపోతే కణమే బతకదు. బాక్టీరియా తన ప్రొటీన్‌ను సరిగ్గా ఆ భాగం మీదే వాల్చి మొక్క జన్యువులను తనకు కావలసినట్టు చదివించుకుంటుంది. ఎక్స్ఏ5లో 39వ చోట వాలిన్ పోయి గ్లుటామిక్ ఆమ్లం వచ్చింది. అంతే. ప్రొటీన్ తన పాత పని తాను చేసుకుపోతుంది, శత్రువుకు మాత్రం వాలే చోటు దొరకదు. పాత విధి చెడకుండా కొత్త ధర్మం చేరడానికి ఇంతకన్నా పొదుపైన మార్పు ఊహించలేం.

సంకరమే ఒక ప్రొటీన్‌కు కొత్త అర్థం ఇస్తుందా? ఇస్తుంది, భయం పుట్టించేంతగా ఇస్తుంది. ఇండికానూ జపానికానూ కలిపితే మొదటి తరంలో సగం గొలుసు తాలు పోవడం తరచు జరిగే పని. ఎస్5 అనే చోట పక్కపక్కన మూడు జన్యువులున్నాయి. రెండు కలిసి బీజకోశాన్ని చంపుతాయి, మూడోది కాపాడుతుంది. ఇండికాలో చంపే జోడీలో ఒకటే ఉంటుంది, పక్కనే కాపాడేదీ ఉంటుంది కనుక ఏమీ జరగదు. జపానికాలో ఆ జోడీలో రెండోది ఒక్కటే ఉంటుంది, కనుక అక్కడా ఏమీ జరగదు. రెండూ కలిసిన మొక్కలో జోడీ పూర్తవుతుంది, కాపు దక్కని బీజకోశాలు చస్తాయి. అందులో ఒక ప్రొటీన్ ఇండికా రూపానికీ జపానికా రూపానికీ రెండు అమైనో ఆమ్లాలే తేడా. తల్లి ఇంట్లోనూ తండ్రి ఇంట్లోనూ నిశ్శబ్దంగా ఉన్నది బిడ్డలో మృత్యువైంది. మసూరి అట్లాంటి కలయికలోనే పుట్టిందని గుర్తు తెచ్చుకుంటే, ఆ తాలు గొలుసుల మధ్య నిండు గొలుసును వెతికి పట్టుకున్న కళ్ల మీద గౌరవం రెట్టింపవుతుంది.

యాసంగిలో పాత కరీంనగర్ పల్లెల్లో హైబ్రిడ్ వరి విత్తనం పండించే మడి దగ్గర ఒక పూట నిలబడి చూడాలి. దేశానికి కావలసిన ఆ విత్తనంలో పెద్ద వాటా కరీంనగర్, వరంగల్ ప్రాంతాలదే. రెండు వరుసల మగ వరి, ఎనిమిది వరుసల ఆడ వరి, మళ్లీ రెండు, మళ్లీ ఎనిమిది. పొద్దున పది దాటాక పూతలు విచ్చుకుంటాయి. పొట్టు రెక్కలు మెల్లగా తెరుచుకుని పుప్పొడి తిత్తులు బయటికి వేలాడతాయి. ఇద్దరు మనుషులు గట్ల మీద అటొకరు ఇటొకరు నిలబడి పొడుగాటి తాడు పట్టుకుని మడి మీదుగా లాగుతూ నడుస్తారు. మగ వరి ఊగి పసుపు పొడి లేస్తుంది, గాలికి ఆడ వరుసల మీద దిగుతుంది. పుప్పొడికి ఆయుష్షు కొద్ది నిమిషాలే. అందుకే ఆ నడకలో తొందరా ఉంటుంది, లయా ఉంటుంది.

ఆడ వరి అన్నది పుట్టుకతో ఆడది కాదు. వరి పూవులో ఆడా మగా రెండూ ఉంటాయి. దాని మగతనాన్ని చంపింది ఒక కొత్త ప్రొటీన్. 1970లో చైనాలోని హైనాన్ దీవిలో యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి ఒక అడవి వరి మొక్క దొరికింది. దాని పుప్పొడి గొడ్డుపోయింది. దాని వారసత్వమే ఇవాళ్టి చాలా హైబ్రిడ్ వరుల ఆడ వంశాల్లో ఉంది. కారణం నలభై ఏళ్ల తర్వాత బయటపడింది. మైటోకాండ్రియాలో తెగిన జన్యు ముక్కలు నాలుగు, అందులో ఒకదానికి మూలం వరిలో ఎక్కడా లేదు, ఒకచోట అతుక్కుని డబ్ల్యూఏ352 అనే జన్యువైంది. ఆ ముక్కల్లో ఏదీ విడిగా ఈ పని చేసేది కాదు. అతుకు పడ్డాక పుట్టిన ప్రొటీన్, కాక్స్11 అనే ఇంకో ప్రొటీన్‌ను పట్టుకుని, పుప్పొడిని పెంచే పొరను వేళకు ముందే చంపేస్తుంది. సంకరంలో మగవైపు నుంచి వచ్చే ఆర్‌ఎఫ్3, ఆర్‌ఎఫ్4 జన్యువులు ఆ విషాన్ని విరిచేస్తాయి, రైతు పొలంలో గొలుసు మళ్లీ నిండుగా పాలుపోసుకుంటుంది. విరిగిన ముక్కల నుంచి కొత్త పని పుట్టడం, ఆ పనికి విరుగుడు ఇంకో వంశంలో సిద్ధంగా ఉండటం, ఈ రెండూ కలిస్తేనే ఆ విత్తనం. ఇంకో చిత్రం కూడా ఉంది. ఈ ఆడ వరి గొలుసు ఆకుతొడుగులోంచి పూర్తిగా బయటికి రాదు. బయటికి తేవడానికి రైతులు జిబ్బరెల్లిన్ పిచికారీ చేస్తారు. పొట్టితనం కోసం వంశం ఏ హార్మోన్‌ను తగ్గించుకుందో, ఆ హార్మోన్‌నే గొలుసు కోసం పైనుంచి చల్లుతున్నారు.

కోరుట్లలో ఎక్కువసేపు ఆగను. పశువైద్య కళాశాల ఉన్న ఊరు కనుక పాల మాట చెప్పుకుందాం. సంకర ఆవుల పాలలో బీటా కేసీన్ అనే ప్రొటీన్ ఉంటుంది, 209 అమైనో ఆమ్లాల దారం. 67వ చోట ప్రోలిన్ ఉంటే ఏ2, హిస్టిడిన్ ఉంటే ఏ1. మన నాటు ఆవుల్లో ఎక్కువగా ఏ2 కనబడుతుంది. ఐరోపా జాతుల్లో ఏ1 బాగా ఉంది, సంకరంలో రెండూ కలుస్తాయి. హిస్టిడిన్ ఉన్నచోట కడుపులోని ఎంజైములు దారాన్ని తేలిగ్గా తెంచుతాయి, ఏడు అమైనో ఆమ్లాల చిన్న తుంపు ఊడివస్తుంది. దీని చుట్టూ వ్యాపారం భయాన్ని చాలా పెంచింది. 2009లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ పరిశీలించి, రోగాలకు ఇదే కారణమని చెప్పే ఆధారం లేదంది. నాకు ముఖ్యమైనది వేరు. పాలలో ప్రొటీన్ చేసే పని మారలేదు, అది విరిగే తీరు మారింది. అది కూడా ఒక మార్పే, దాన్ని కొత్త పని అనడం అతిశయోక్తి.

వేములవాడ దాటి సిరిసిల్లలోకి వస్తుంటే సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు ముందు చెవులకు, తర్వాత కాళ్లకు తెలుస్తుంది. నేల అదురుతుంది. ఇప్పుడు ఆ సాంచెల మీద పాలిస్టర్ చాలా నడుస్తుంది, నూలు కూడా నడుస్తుంది. నూలు పోగును గోటితో విప్పి చూస్తే లోపల వందల వెంట్రుకలు. ప్రతి వెంట్రుకా పత్తి గింజ పైపొరలోని ఒకే ఒక్క కణం. ఒక కణం పూత విడిచిన నాటి నుంచి సాగుతూ సాగుతూ, గోడకు సెల్యులోజు పూసుకుంటూ, అంగుళం దాకా పెరిగిపోతుంది. జీవలోకంలో ఇంత పొడుగు సాగిన కణాలు అరుదు.

మన పొలాల్లో పెరిగే పత్తి పది పన్నెండు లక్షల ఏళ్ల కిందటో ఇంకా ముందో జరిగిన ఒక సంకరం. తల్లి మన దేశవాళీ పత్తికి దగ్గరి చుట్టం, దానికి వడకదగిన దూది ఉంది. తండ్రి అమెరికా ఖండపు అడవి పత్తికి చుట్టం, దాని గింజ మీద వడకడానికి పనికొచ్చే దూదే లేదు. రెండు జన్యు సంపుటాలూ ఒకే మొక్కలో జోడుగా నిలిచిపోయాయి. 1998లో అచ్చయిన ఒక పరిశోధన మొక్క జన్యు పటంలో దూది నాణ్యతను నిర్ణయించే చోట్లను వెతికితే, వాటిలో ఎక్కువ భాగం దూది లేని తండ్రి ఇచ్చిన వైపే తేలాయి. ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. తన ఇంట్లో పాటే రానిది, జతకూడాక పాటకు శ్రుతి ఇచ్చింది!

ఇది ఎట్లా సాధ్యం? జన్యుశాస్త్రవేత్త సుసుము ఓనో 1970లో రాసిన పుస్తకంలో దీనికి దారి చూపాడు. ఒక జన్యువు ఒక్కటే ఉన్నప్పుడు దానికి మారే స్వేచ్ఛ లేదు, మారితే ఇల్లు కూలుతుంది. రెండు ప్రతులుంటే ఒకటి పాత పనిని మోస్తుంది, రెండోది మారవచ్చు, చెడవచ్చు, అరుదుగా కొత్త పని నేర్వవచ్చు. పత్తిలో దాదాపు ప్రతి జన్యువుకూ అట్లాంటి జోడు ఉంది. బార్బరా మెక్లింటాక్ ఇంకో మాట చేర్చింది. దూరపు సంకరం జన్యు సంపుటానికి ఒక దెబ్బ అనీ, ఆ దెబ్బకు నిద్రలో ఉన్న గెంతే జన్యువులు లేస్తాయనీ 1983 నోబెల్ ఉపన్యాసంలో చెప్పింది. అవి గెంతిన చోట కొత్త ఉత్పరివర్తనాలు పడతాయి. సంకరం మార్పులను కలపడమే కాదు, మార్పులకు తానే కారణం కూడా కాగలదు.

సిరిసిల్ల నేతగాళ్లకు ఇది కొత్తగా అనిపించదనుకుంటాను. అంచు మీద పువ్వు పడాలంటే పడుగులో కొన్ని పోగులు లేవాలి, కొన్ని లేవకూడదు. లేవని పోగులే పువ్వు గీతను గీస్తాయి. వరి తెలుపు, బాస్మతి వాసన, పొట్టి కాండం అట్లా లేవని పోగుల పువ్వులు. డబ్ల్యూఏ352, ఎల్‌ఆర్‌ఆర్ వంపులు, పత్తి జోడు జన్యువులు మాత్రం వేరే దారి నుంచి వచ్చి అంచులో కలిసిన కొత్త పోగులు.

కొత్త పని నేర్చిన ప్రొటీన్లు అరుదు, సంకరంలోనైనా అరుదే. పుట్టినప్పుడు గుర్తు పడతారా లేదా అన్నదే అసలు కష్టం. సంకరం తర్వాతి రెండో తరం మడిలో ఏ రెండు మొక్కలూ ఒకటిగా ఉండవు. ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి, ఒకదానికి దొడ్డు గింజ, ఒకదానికి గొట్టాలు. వాటి నడుమ వంగి నడుస్తూ, గొట్టం లేని పిలకల్లో సన్న గొలుసును, ఆ సన్న గొలుసుల్లో తాలు లేనిదాన్ని, దాని గింజల్లో పొట్ట తెలుపు లేనిదాన్ని ఏరుకునే మనిషి ఉండాలి. అతన్ని సహృదయుడు అనడానికి నాకు సందేహం లేదు. పొలాసలో అట్లా ఏరిన రకాల్లో ఒకటి జేజీఎల్ 3855, కరీంనగర్ సాంబ. దాన్ని ఎంటీయూ 1010తో కలిపితే రాజేంద్రనగర్‌లో ఆర్‌ఎన్‌ఆర్ 15048 వచ్చింది, 2015లో తెలంగాణ సోనగా పొలాలకెక్కింది. పొలాస ఎంపిక రాష్ట్రం పేరు పెట్టుకున్న వరికి తండ్రి అయింది.

2025 మేలో కేంద్ర వ్యవసాయ మంత్రి డీఆర్‌ఆర్ ధాన్ 100ను ప్రకటించారు, దానికి కమల అని పేరు. రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు సాంబ మసూరిలో సీకేఎక్స్2 అనే ఒక్క జన్యువును కత్తిరించి మౌనంగా చేసి తీసిన రకం అది. ఆ ఎంజైము ఆగితే సైటోకైనిన్ హార్మోన్ మిగిలి గొలుసుకు గింజలు పెరుగుతాయి. మనిషి చేత్తో చేసిన ఈ మొదటి తరం మార్పు కూడా ప్రకృతి వేల ఏళ్లుగా నడిచిన దారినే పట్టింది. పోగొట్టడం తేలిక కనుక అక్కడ మొదలుపెట్టారు. జన్యువును ఆపే చేతులే రేపు ఉల్లికోడు ఈగ కొత్త రూపాన్ని గుర్తుపట్టే ఎల్‌ఆర్‌ఆర్ వంపును రాయగలిగితే, అదీ జగిత్యాల ఈగను ముందు పెట్టుకుని రాస్తే, చూడాలని ఉంది.

2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం ఇస్తున్నారు. దొడ్డు బియ్యం పేదలకు, సన్నబియ్యం ఉన్నోళ్లకు అన్న పాత విభజన ఆ బస్తాల దగ్గర చెదిరింది. జీడబ్ల్యూ5లో ఏమీ పోగొట్టుకోని గింజ ఇప్పుడు అందరి కంచంలోకి వస్తోంది. ఆ బస్తా మీద రకం పేరు, పుట్టిన స్థానం పేరు కూడా అచ్చు వేయాలని నా కోరిక: జేజీఎల్ 1798, జగిత్యాల సన్నాలు, పొలాస.